దూరాన్ని మింగిన లెన్సు

"ఈ ఫొటో తీసింది నువ్వేనా, చందూలాల్?"

"నేనే సార్. పోలీసోళ్లకు గూడ గదే చెప్పిన."

"ఎక్కడ నిలబడి తీసినవ్?"

"కాలువ కట్ట మీద, తూము పక్కన్నే. గీ తలుపుకెల్లి గా పర్దా దాక ఎంత దూరముంటదో, అంతే ఉంటది."

డిటెక్టివ్ లింబాద్రి స్టూడియో తలుపు నుంచి, పెళ్లి జంటలను నిలబెట్టే నీలం పరదా దాకా చూపు సారించాడు. రెండు మంచాలు వేస్తే మూడో మంచానికి చోటుండదు. అతను ఫొటోను గుమ్మంలోకి తీసుకెళ్లి ఎండకు పట్టుకున్నాడు.

కాలువ తూము మీది పిట్టగోడపై హరనాథబాబు కూర్చుని ఉన్నాడు. చూపు నీళ్ల మీద ఉంది. ఆయన వెనకే తలపాగా కట్టుకున్న మనిషి, చేతిలో ఎత్తిన కర్ర. ఆ కర్ర సరిగ్గా ఆయన నడినెత్తి మీద ఉంది. ఇంకాస్త ఆగితే ఆ దెబ్బ పడిపోయేదేనని ఎవరు చూసినా అంటారు. పక్కన తూము ఇనుప స్తంభం, ఇద్దరి వెనకా ఒక పంపుషెడ్డు గోడా, దాని తలుపూ కనిపిస్తున్నాయి.

ఆ ఫొటో గురువారం మధ్యాహ్నం తీసింది. శుక్రవారం పొద్దున హరనాథబాబు శవం దిగువన కాలువ మలుపులో తేలింది. తల వెనకభాగం పగిలింది. గోదావరి జిల్లా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద ముప్పై ఏళ్లుగా వరి పండిస్తున్న పెద్దమనిషి. తలపాగా మనిషి కాలువ అవతలి తండాకు చెందిన లాల్‌సింగ్. నీళ్ల వంతు దగ్గర ఇద్దరూ వారం కిందట మాటా మాటా అనుకున్నారు. ఇక సాక్ష్యం ఏం కావాలి? లాల్‌సింగ్ చేతులకు బేడీలు పడ్డాయి. రేపు పొద్దున అతన్ని కోర్టుకు తీసుకెళ్తారు.

స్టూడియో మెట్ల మీద లాల్‌సింగ్ భార్య సోనాబాయి కూర్చుని ఉంది. నిన్న బస్సెక్కి నిజామాబాద్ వచ్చి, లింబాద్రి ఆఫీసు వెతుక్కుని, ఒకే మాట చెప్పింది. "కట్టె మా ఆయనదే అన్నా, నేను కాదంటలేను. గది ఎద్దులను అదిలించే కట్టె. గా పొద్దు ఆయన ఆశన్నోళ్ల పంపుషెడ్డు కాడ దున్నుతుండె. తూము కాడికి పోనే లేదు." ఏడవలేదు, బతిమాలలేదు. ఆ చెప్పే తీరు చూసే లింబాద్రి ఇవాళ మొదటి బస్సుకు బాన్సువాడ వచ్చాడు.

అతను లోపలికి తిరిగి వచ్చాడు. "గోడ మీద గా పెండ్లి ఫొటోలు గూడ నువ్వే తీసినవా?"

"అవ్ సార్. అన్నీ నా చేతివే."

"మంచిగ తీసినవ్. గా పెండ్లికూతురు కనురెప్పలు ఎంచొచ్చు. మరి గీ ఫొటోల హరనాథబాబుకు కండ్లు తెరిచున్నయా మూసుకున్నయా అన్నదే తెలుస్తలేదు. మొహం మీద ఇసుక చల్లినట్టున్నది. ఎందుకు?"

చందూలాల్ బల్ల మీద లేని దుమ్మును తుడిచాడు.

"నేను చెప్తా. నెగటివ్ మీద ఈ మనుషులు బియ్యపు గింజంత ఉన్నరు. ఎన్‌లార్జర్ల పెట్టి పెంచి పెంచి ఇంత చేసిన్రు. అందుకే గరుకు తేలింది. గంత దగ్గర నిలబడి తీసినోనికి గంత పెంచే పనేంది?"

"అది... రీలు మంచిది కాదు సార్."

"నెగటివ్ చూపియ్యి."

"నా తాన లేదు. మృత్యుంజయరావు సార్ తీసుకపోయిండు."

"పేరు పిలవగానే పలుకుతున్నాను, చూశారా," అంటూ మృత్యుంజయరావు గుమ్మంలోకి వచ్చాడు.

హైదరాబాదులో ఆయన పేరు తెలియని పత్రికాఫీసు లేదు. కోటు, మెడలో జర్మన్ కెమెరా, ఎదుటివాడిని సగం వినగానే నవ్వే అలవాటు. హరనాథబాబు బావమరిది బసవయ్య తన ఖర్చుతో ఆయన్ని ఈ కేసుకు పిలిపించాడు. ఆదివారం బాన్సువాడలో దిగి, సోమవారానికల్లా ఈ ఫొటోతో స్టేషన్‌కు వెళ్లి, కేసు తేల్చేశానని విలేఖరులకు చెప్పాడు.

"నా సాక్షిని బెదిరిస్తున్నారా, లింబాద్రి?"

"సాక్షి ఫొటో కదా అనుకున్న. ఫొటోను ఎవరు బెదిరిస్తరు?"

మృత్యుంజయరావు చూపు లింబాద్రి మెడలో ఉన్న కెమెరా మీద పడింది. "అదేమిటి, మీ తాతగారిదా? మొన్నటిదాకా మంచి కెమెరానే వాడేవారుగా. అమ్మేశారా?"

అమ్మేసిన మాట నిజమే. మూడు నెలల కిందటి దాకా లింబాద్రి దగ్గర కూడా అద్దం కెమెరాయే ఉండేది. లెన్సులోంచి వచ్చిన బొమ్మ లోపలి అద్దం మీద పడి కంటికి కనిపించే రకం. బోధన్‌లో ఒక దొంగ సంచీ చేతులు మార్చే క్షణాన బటన్ నొక్కాడు. అద్దం టప్పున పైకి లేచి కంటి ముందు చీకటి కమ్మింది. ఆ చప్పుడుకు దొంగ తల తిప్పాడు. చీకటి విడిపోయేసరికి సంచీ లేదు, మనిషీ లేడు. అతి ముఖ్యమైన క్షణంలో తనను గుడ్డివాడిని చేసే కెమెరా తనకెందుకని ఆ వారమే దాన్ని వదిలించుకుని, సుల్తాన్ బజార్‌లో ఈ పాత రష్యా రేంజ్‌ఫైండర్ కొన్నాడు.

దీనిలో చూసే కిటికీ వేరు, ఫొటో తీసే లెన్సు వేరు. కిటికీ మధ్యలో పసుప్పచ్చని మచ్చ ఒకటి ఉంటుంది. అందులో మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు పట్టీని వేళ్లతో మెల్లగా తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ జరిగి జరిగి ఒక్కడవుతారు. అప్పుడు నొక్కాలి. మొదటి వారం లెన్సుకు మూత ఉన్న సంగతి కిటికీలో తెలియక ఒక రీలంతా చీకటి చేసుకున్నాడు. ఆ తర్వాత, రెండు బొమ్మలను కలిపేలోగా మనుషులు వీధి మలుపు తిరిగేవారు. పంతం పట్టి రోజూ సాధన చేశాడు. ఇప్పుడు కన్ను అడగకముందే వేళ్లు తిరుగుతున్నాయి.

లెన్సులు ఎంచుకోవడానికి ఇంకా ఎక్కువ తంటా పడ్డాడు. ఇరుకు గదులకు ముప్పై అయిదు మిల్లీమీటర్లది. మామూలు పనికి యాభై. మూడోది నూట ముప్పై అయిదు, పొడుగాటి దూరపు లెన్సు. ఇటువంటి కెమెరాకు అంత పొడుగుది కష్టమని దుకాణందారు చెప్పినా వినకుండా తెచ్చుకున్నాడు.

"పాతదే," అన్నాడు లింబాద్రి. "కాని చూసేటప్పుడు కండ్లు మూయదు."

* * *

ఎస్సై తొందరపడే మనిషి కాదు. లింబాద్రి చెప్పిందంతా విని, బల్ల మీది ఫొటోను రెండుసార్లు తిప్పి చూశాడు. "ఫొటో ఉన్నదని అరెస్టు చేసిన. ఫొటో తప్పని చూపియ్యున్రి, విడిచిపెడ్త. సాయంత్రం దాక టైమిస్తున్న. కాని మృత్యుంజయరావు గారు గూడ పక్కన ఉండాలె. రేపు ఆయన మల్ల పేపర్లకు ఎక్కొద్దు."

పగటి ఎండలో అందరూ తూము దగ్గరికి చేరారు. ఎస్సై, కానిస్టేబుల్ ముత్తెన్న, జీపు వెనక సీట్లో బేడీలతో లాల్‌సింగ్, ఆ వెనక తన కారులో మృత్యుంజయరావు. చందూలాల్‌ను కూడా తీసుకొచ్చారు. సోనాబాయి నడిచే వచ్చింది.

లింబాద్రి ముత్తెన్నను పిట్టగోడ మీద కూర్చోబెట్టి, చందూలాల్‌ను అడిగాడు. "నువ్వు నిలబడ్డ చోటు చూపియ్యి."

చందూలాల్ కట్ట మీద ఒక చోట నిలబడ్డాడు. కాళ్లు అటూ ఇటూ కదుపుతూనే ఉన్నాడు.

లింబాద్రి కెమెరా నెత్తిన చిన్న అద్దాల గొట్టం తగిలించాడు. దాన్ని తిప్పితే ఏ లెన్సు ఎంత మేర పట్టుకుంటుందో అంతే కనిపిస్తుంది. ముప్పై అయిదు దగ్గర పెట్టి ఎస్సైకి ఇచ్చాడు.

"ముత్తెన్న వెనక ఆశన్న పంపుషెడ్డు కనిపిస్తుందా సార్?"

"ఆ. అగ్గిపెట్టెంత ఉన్నది."

"ఇప్పుడు యాభై. చూడున్రి."

"జర పెద్దగైంది."

"ముత్తెన్న?"

"ముత్తెన్న గూడ పెద్దగైండు."

"గదే నేను చెప్పేది. లెన్సు మారిస్తే ముందలున్నది, ఎనుకున్నది రెండూ కలిసే పెరుగుతయ్, కలిసే తగ్గుతయ్. వాటి నడుమ తేడా మారాలంటే లెన్సు కాదు, మనిషి జరగాలె. ఇప్పుడు ఫొటో చూడున్రి. షెడ్డు తలుపు, తూము ఇనుప స్తంభం సరిసమానం ఎత్తున్నయ్. ఇక్కడ నిలబడి ఏ లెన్సు పెట్టినా అట్ల రాదు."

ఎస్సై ఫొటోనూ తూమునూ షెడ్డునూ మార్చి మార్చి చూశాడు. షెడ్డు మూడు మళ్ల అవతల ఉంది.

మృత్యుంజయరావు చిన్నగా చప్పట్లు కొట్టాడు. "బావుంది. రేపు జడ్జిగారికి కూడా ఈ గొట్టంలోంచి చూపిస్తారా? చంపినవాడికి పగ ఉంది, చేతిలో కర్ర ఉంది, నెత్తి మీద ఎత్తినట్టు ఫొటో ఉంది. మీరు మాత్రం షెడ్డు తలుపు కొలుస్తున్నారు."

"ఎత్తిన కట్టె ఉన్నది. కొట్టిన కట్టె లేదు," అన్నాడు లింబాద్రి. "నాకు కావాల్సింది ఫొటో తీసినోడు నిలబడ్డ చోటు. నాతోని నడుస్తరా, కార్ల కూసుంటరా?"

మృత్యుంజయరావు కారు నీడలోకి జరిగి సిగరెట్టు వెలిగించాడు.

లింబాద్రి తూముకు ఎదురుగా, షెడ్డు వైపు మొహం పెట్టి, వెనక్కి నడవసాగాడు. ఒక చేతిలో ఫొటో, ఇంకో చేతిలో కెమెరా. పక్కన ఎస్సై. దూరం జరుగుతున్నకొద్దీ తూము స్తంభం చిన్నదవుతోంది, కాని షెడ్డు అంత వేగంగా చిన్నదవడం లేదు. స్తంభం పక్కన అది లేచి నిలబడుతున్నట్టుంది. గడ్డివాము దాటారు. కల్లం దాటారు. ఇక ఇంచుమించు సమానమయ్యాయి అనుకునేసరికి లింబాద్రి వీపుకు గోడ తగిలింది.

తిరిగి చూశాడు. ధాన్యం గోదాము. హరనాథబాబు సొంత గోదాము. పక్కనే ఆయన ఇల్లు.

"ఇంకా కొంచెం మీదికెల్లి తీసిన్రు సార్. ఫొటోల పిట్టగోడ అవతలి నీళ్లు కనిపిస్తున్నయ్. కింద నిలబడితే కనిపియ్యయి." అతను తలెత్తి డాబా వైపు చూశాడు. డాబా మెట్ల తలుపుకు తాళం వేసి ఉంది.

తాళం చెవి హరనాథబాబు భార్య కనకరత్నం దగ్గర ఉంది. మైలలో ఉన్న మనిషి, లోపలి గదిలోంచి శుక్రవారం నుంచి బయటికి రాలేదు. పొలం సంగతీ పోలీసుల సంగతీ అన్నీ అన్న బసవయ్యే చూసుకుంటున్నాడు. ఆమె తలుపు చాటు నుంచి చెవి అందించింది.

"ఈ మధ్య డాబా మీదికి ఎవరన్నా ఎక్కిండ్రా అమ్మా?" లింబాద్రి అడిగాడు.

"మావారు పోయాక ఎవరూ ఎక్కలేదండి. ఆ ముందు రెండు రోజులు మాత్రం హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చారు. పైరు ఫొటోలు తీస్తారని చెప్పి మావారే పైకి పంపించారు. గురువారం మధ్యాహ్నం దాకా పైనే ఉన్నారు."

ఎస్సై తల తిప్పి చూశాడు. "గీ సంగతి ఎవరికీ చెప్పలేదేందమ్మా?"

"ఎవరూ అడగలేదు బాబూ. అడిగింది ఈయనే."

"ఆ మనిషిని మల్ల చూస్తే గుర్తుపడ్తరా?" అన్నాడు లింబాద్రి.

"వడ్డించిన దాన్ని. గుర్తుపట్టకేం."

"సాయంత్రం చందూలాల్ స్టూడియోకు జర రాగల్గుతరా? ఇట్ల అడగొద్దు, కాని ఒక మనిషి ప్రాణం మీదికొచ్చింది."

ఆమె గొంతు గట్టిగా వచ్చింది. "వస్తాను. ఎవరేమనుకున్నా సరే. మా అన్నయ్యను జీపు తీయమంటాను."

* * *

డాబా పిట్టగోడకు కొత్తగా సున్నం వేశారు. దాని పక్కన గచ్చు మీది సున్నపు పొడిలో మూడు చిన్న గుంతలు, మూడు మూలలుగా. లింబాద్రి మోకాలి మీద వంగి వాటిని చూశాడు.

"కెమెరా స్టాండు కాళ్లు సార్. పొడుగు లెన్సుకు చెయ్యి వణికితే బొమ్మ చెడుతది. అందుకే పెట్టిండు."

అతను ముప్పై అయిదు లెన్సు తీసి జేబులో వేసుకున్నాడు. ఇక్కడి నుంచి దానితో తీస్తే మనుషులు చీమలవుతారు. యాభైతో తీసినా పోల్చుకోలేం. నూట ముప్పై అయిదు బిగించాడు. మరలు సర్దుకుని చివర ఒక చిన్న టక్కు వినిపించినప్పుడు, సుల్తాన్ బజార్ దుకాణందారు మొహం గుర్తొచ్చి నవ్వుకున్నాడు.

"ఇప్పుడు మీరే హరనాథబాబు అయ్యి కూసోవాలె సార్. ముత్తెన్న కూసుంటే రేపు ఎవరన్నా కాదనొచ్చు. మీరైతే ఎవరూ అనరు."

ఎస్సై మీసం కింద నవ్వుకుంటూ దిగి వెళ్లాడు. తూము పిట్టగోడ మీద కూర్చుని నీళ్లు చూశాడు. ముత్తెన్న లాల్‌సింగ్ బేడీలు విప్పి, అతన్ని పంపుషెడ్డు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆశన్న ఎద్దులను అరువు తెచ్చి కాడి కట్టారు. ముత్తెన్న ఫొటోలో పడకుండా కాడి అవతల మడిలో వంగి కూర్చున్నాడు. లాల్‌సింగ్ గురువారం ఎక్కడ మలుపు తిప్పాడో అక్కడే తిప్పుతూ, ఎద్దులను అదిలించి, కర్ర ఎత్తాడు.

లింబాద్రి కన్ను కిటికీకి ఆనించాడు. పసుప్పచ్చని మచ్చలో ఇద్దరు ఎస్సైలు కనిపించారు. పట్టీ తిప్పాడు. ఇద్దరూ జరిగి ఒక్కరయ్యారు. ఆ కిటికీలో పొడుగు లెన్సు పట్టే మేర కన్నా చుట్టూ ఇంకా చాలా కనిపిస్తుంది. అందుకే మూలగా, ఫొటోలోకి రాని చోట, ఒక కోటు మనిషి సిగరెట్టు పారేసి, ఎవరూ చూడటం లేదనుకుని గబగబా కారు తలుపు వైపు వెళ్లడం కూడా కనిపించింది.

అతను ముందు బటన్ నొక్కాడు. చప్పుడు చిటిక వేసినంతే వచ్చింది. కన్ను చీకటి కాలేదు. ఎస్సై, ఆయన తల మీది కర్ర, కారు తలుపు మీద చెయ్యి వేసిన మృత్యుంజయరావు, అందరూ ఆ క్షణాన కంటి ముందే ఉన్నారు. లింబాద్రి రీలు తిప్పి మరోసారి నొక్కి, డాబా అంచుకు వచ్చి గట్టిగా కేకేశాడు.

"సార్, రావు గారిని గూడ మన జీపులనే తీసుకపోదాం. ఫొటో కడిగేదాక ఆయన మన ఎంబడి ఉంటే మంచిగుంటది."

ఎస్సై పిట్టగోడ దిగి, నింపాదిగా నడుచుకుంటూ వెళ్లి, కారు తలుపు మీద తానూ చెయ్యి వేశాడు.

* * *

చందూలాల్ డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు కింద కాగితం నీళ్లలో ఊగుతోంది. తెల్లటి కాగితం మీద మొదట ఒక గీత తేలింది. అది తూము స్తంభం. దాని పక్కన షెడ్డు తలుపు, సరిసమానంగా. ఆ తర్వాత కూర్చున్న మనిషి. చివరికి, ఆయన నెత్తి మీద కర్ర.

లింబాద్రి తడి ప్రింటును బయటికి తెచ్చి, పాత ఫొటో పక్కన బల్ల మీద పెట్టాడు. ఒకదానిలో హరనాథబాబు, ఇంకో దానిలో ఎస్సై. అది తప్ప తేడా లేదు. అదే గరుకు, అదే షెడ్డు, అదే కర్ర; అంతగా పెంచేసరికి ఎద్దులు కాగితం బయటే ఉండిపోయాయి. మూడు మళ్ల అవతల ఎద్దులను అదిలించిన మనిషి, ఎస్సై వీపుకు ఆనుకుని నిలబడి తల పగలగొట్టబోతున్నట్టుంది.

ఎస్సై తనకు తెలియకుండానే చేత్తో తల తడుముకున్నాడు.

"నాకు గాలి గూడ తగల్లేదు," అన్నాడు మెల్లగా. తర్వాత ముత్తెన్న వైపు తిరిగాడు. "లాల్‌సింగ్‌కు మల్ల బేడీలు వెయ్యకు."

గుమ్మంలో సోనాబాయి లేచి నిలబడింది. లాల్‌సింగ్ ఎర్రబడ్డ మణికట్లను ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. ఆమె అతని దగ్గరికి వచ్చి, కొంగుతో ఆ మణికట్టు మీది మట్టి తుడిచింది. తమ లంబాడా భాష గోర్ బోలిలో ఏదో అంది. లాల్‌సింగ్ బేడీలు పడ్డాక మొదటిసారి నవ్వాడు.

లింబాద్రి చందూలాల్ వైపు చూశాడు. "ఇగ చెప్పు. నీ తాన పొడుగు లెన్సు లేదు. ఉన్నది పెండ్లిళ్ల కెమెరా ఒక్కటే. గీ ఫొటో ఎవరు తెచ్చిన్రు?"

చందూలాల్ ముందు మృత్యుంజయరావును చూశాడు. తర్వాత రెండు ఫొటోలను చూశాడు. ఆ తర్వాత భయం తగ్గినట్టుగా గొంతు సర్దుకున్నాడు.

"గీయనే సార్. గురువారం పొద్దుగూకంగ వచ్చి నా డార్క్‌రూమ్ కిరాయికి అడిగిండు. తనే రీలు కడుక్కున్నడు, నన్ను లోపటికి రానియ్యలే. సోమవారం మల్ల వచ్చి, గీ ఫొటో నువ్వే తీసినవని చెప్పు, లేకుంటే నిన్ను గూడ కేసుల ఇరికిస్త అన్నడు. పిల్లలు గలోన్ని. భయపడ్డ."

"అబద్ధం," అన్నాడు మృత్యుంజయరావు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, కాని కళ్లలో లేదు. "గురువారం నేను హైదరాబాదులో ఉన్నాను. బసవయ్యగారు కబురు పంపాక, ఆదివారం గానీ బాన్సువాడలో అడుగు పెట్టలేదు."

"అడుగు పెట్టారండి."

అందరూ తిరిగి చూశారు. కనకరత్నం మెట్లెక్కి వస్తోంది. ఆమెను దింపిన జీపు బయట ఆగి ఉంది. ఆమె ఎవరి కోసమూ ఆగకుండా నేరుగా మృత్యుంజయరావు ముందుకొచ్చి నిలబడింది.

"మా ఇంట్లో రెండు రోజులు భోంచేశారు. గురువారం మధ్యాహ్నం మజ్జిగ అడిగితే నేనే పైకి తెచ్చిచ్చాను. మావారు శవమై ఇంటికొచ్చిన రోజు మీరు కనిపించలేదు. ఎందుకని?"

మృత్యుంజయరావు జీపులోకి వెంట తెచ్చుకున్న సంచిని దగ్గరికి జరుపుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. లింబాద్రి అతన్ని ఎన్నో ఏళ్లుగా ఎరుగును. అతను వెనక్కి తగ్గడం చూడటం ఇదే మొదటిసారి.

"ఈయన్ని పిలిచింది బసవయ్య కాదా అమ్మా?" లింబాద్రి అడిగాడు.

"కాదండి. మావారు. గోదాములో ధాన్యం దారి తప్పుతోందని ఆయనకు అనుమానం వచ్చింది. ఎవరు తరలిస్తున్నారో ఫొటోతో సహా పట్టుకోవాలని ఈయన్ని పిలిపించి డాబా మీద కూర్చోబెట్టారు. పైరు ఫొటోల కోసమని చెప్పమన్నారు, అసలు సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నారు. గోదాము లెక్కలు చూసే మా అన్నయ్యకు కూడా."

ముక్కలన్నీ ఒక్కసారిగా చోటు చేరాయి. చనిపోయిన మనిషి పెట్టుకున్న డిటెక్టివ్ ఇతను. హరనాథబాబును ఎవరో కొడుతున్న వేళ ఇతను డాబా మీదే, స్టాండు మీద పొడుగు లెన్సు పెట్టుకుని, తూము వైపే చూస్తూ ఉన్నాడు.

"సార్, రావు గారి సంచి చూడున్రి."

మృత్యుంజయరావు సంచిని వెనక్కి లాక్కున్నాడు. ముత్తెన్న దాన్ని తేలిగ్గా అందుకుని బల్ల మీద పెట్టాడు. బట్టలు, సిగరెట్లు, ఒక మడత స్టాండు, పొడుగాటి తోలు డబ్బా. డబ్బాలో దూరపు లెన్సు. లింబాద్రి లెన్సును తీసి పక్కన పెట్టి, డబ్బాలో అడుగున పరిచిన మెత్తటి గుడ్డను వేళ్లతో ఎత్తాడు. కింద సన్నగా చుట్టిన ఫిల్ము ముక్క ఉంది.

"ఫొటోలన్నిట్ల ఒక్కటి ఏరి పోలీసులకిచ్చిండు. మిగిలింది తన తాన దాసుకున్నడు," అన్నాడు లింబాద్రి. "చంపినోన్ని పట్టిస్తే ఒకసారి పేరొస్తది. దాచి పెడితే బతికినన్ని దినాలు వాన్ని పిండుకోవచ్చు. అంతేనా, రావు గారు?"

మృత్యుంజయరావు కుర్చీలోకి జారగిలబడ్డాడు. "ఆ ఫొటో తీసిన కాసేపటికే..." అని ఆగిపోయాడు. "నేను డాబా మీదున్నాను. అరిచినా వినపడని దూరం."

"అరిచిన్రా?"



లింబాద్రి ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు. మొదటి బొమ్మలో లాల్‌సింగ్, ఎత్తిన కర్ర, పక్కన ఎద్దులు. రెండోదానిలో ఎద్దులు లేవు, లాల్‌సింగ్ లేడు. ఒక్క హరనాథబాబే నీళ్ల వైపు చూస్తున్నాడు. మూడోదానిలో ఆయన వెనక, ఈసారి నిజంగానే వెనక, ఒక లావుపాటి మనిషి. చేతిలో తూము తిప్పే ఇనుప కడ్డీ. ఇద్దరి నీడలూ పిట్టగోడ మీద ఒకదాన్నొకటి తాకుతున్నాయి.

"చందూలాల్, దీన్ని ఎన్‌లార్జర్ల పెట్టి బల్ల మీదికి చూపియ్యి. తొందరగా."

ఈసారి చందూలాల్ సాకులు చెప్పలేదు. డార్క్‌రూమ్‌లో తెల్ల కాగితం మీద బొమ్మ పెద్దదైంది. నల్లది తెల్లగా, తెల్లది నల్లగా ఉన్నా, ఆ భుజాలు, ఆ బొజ్జ, ఆ ఒంటిపక్క పంచెకట్టు స్పష్టంగానే ఉన్నాయి. కనకరత్నం దగ్గరికి వచ్చి వంగి చూసింది. బల్ల అంచును పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"మా అన్నయ్య," అంది.

మృత్యుంజయరావు కళ్లు మూసుకున్నాడు.

"ఇప్పుడు బసవయ్య యాడున్నడమ్మా?" ఎస్సై గొంతు తగ్గించి అడిగాడు.

ఆమె జవాబు చెప్పేలోపే బయట నుంచి జీపు హారన్ మోగింది. ఒకసారి. కాసేపాగి, విసుగ్గా, మళ్లీ ఒకసారి.

"నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి పిలుస్తున్నాడు," అంది కనకరత్నం. ఆమె కళ్లలో నీళ్లు లేవు. "వెళ్లండి బాబూ. వస్తున్నానని నేను చెప్పానని చెప్పండి."

లింబాద్రి పక్క కిటికీ సందులోంచి చూశాడు. లాల్‌సింగ్ కోసం తండా నుంచి వచ్చిన జనం వీధి నిండా ఉన్నారు. జీపు ముందుకీ వెనక్కీ కదిలే దారి లేదు. స్టీరింగ్ ముందు కూర్చున్న లావుపాటి మనిషి మూడోసారి హారన్ మీద చెయ్యి వేశాడు.

ఎస్సై టోపీ సర్దుకున్నాడు. లాల్‌సింగ్ చేతుల నుంచి విప్పిన బేడీలను ముత్తెన్న దగ్గర తీసుకుని, వెనక జేబులో దోపుకుని, చుట్టాన్ని పలకరించబోతున్నవాడిలా నవ్వు మొహం పెట్టుకుని మెట్లు దిగాడు.